ఏమని ప్రార్థించమంటారు?

మొదటి గురువారం నా చేతిసంచిలో ముప్ఫై కరపత్రాలు, పది జపమాలలు, గుణదల మాత చిన్న పటాలు ఒక కట్ట ఉన్నాయి. ఆసుపత్రి గేటు దగ్గర నా కోసం నిలబడ్డ అక్క ఆ సంచీ వైపు చూసి, "ఇవన్నీ ఎందుకమ్మాయ్? స్కూటర్ డిక్కీలో పెట్టేసిరా. ఖాళీ చేతులే నయం," అంది. నాకు కాస్త కోపం వచ్చింది. రాత్రి కూర్చుని ఆ కట్టలన్నీ సర్దుకున్నాను మరి.

అక్క అంటే సొంత అక్క కాదు. మా విచారణలో చిన్నా పెద్దా అందరికీ అక్కే. డెబ్బై దాటాయి. స్కూల్లో ఆయాగా చేసి రిటైరైంది. మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతుంది. ముప్ఫై ఏళ్ళుగా లీజియన్ ఆఫ్ మేరీలో ఉంది. నేను టీచరుద్యోగం అయిపోయాక, ఇంట్లో ఊసుపోక, ఫాదర్ గారు రెండుసార్లు పిలిచాక చేరినదాన్ని.

ఈ లీజియన్ 1921 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో మొదలైంది. ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి, ఒక గురువు, కొంతమంది ఆడవాళ్ళు ఒక గదిలో కూర్చుని జపమాల చెప్పుకున్నారు. వాళ్ళు మొదట పెట్టుకున్న పని, బీదవాళ్ళుండే ఒక ఆసుపత్రికి వెళ్ళి ఆడరోగుల్ని పలకరించి రావడం. నూరేళ్ళు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. బల్ల మీద తెల్ల గుడ్డ, దానిపైన మరియమాత స్వరూపం, రెండు కొవ్వొత్తులు, రెండు పూలకుండీలు. వారానికోసారి కలుసుకుని జపమాల చెప్పాలి. ఆ వారం ఎవరెవరు ఏం చేశారో నిలబడి చెప్పాలి. అక్కడ విన్నది బయట అనకూడదు. వెళ్తే ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. క్రీస్తు శిష్యుల్ని పంపింది అలాగే కదా.

ఇంకో నియమం ఉంది. డబ్బుగానీ వస్తువులుగానీ ఇవ్వకూడదు. పాత బట్టలు కూడా. ఇది నాకు మింగుడుపడలేదు. అరటిపండైనా పట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళడం మన ఊళ్ళల్లో ఎక్కడైనా ఉందా? అక్కనే అడిగాను.

"పండ్లు తీసుకెళ్తే మనం ఇచ్చేవాళ్ళం, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళూ అయిపోతాం. తర్వాత నువ్వు ప్రార్థన చేసుకుందామా అంటే కాదనలేరు. తిన్నారు కదా పాపం," అంది.

అప్పటికి ఆ మాట పూర్తిగా ఎక్కలేదు.

ఆ ఏడాది వానాకాలం డెంగీ జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. ఒక గురువారం అక్కకి మోకాలు వాచి రాలేకపోయింది. ఒక్కదాన్నే వెళ్ళకూడదని తెలుసు. అయినా వెళ్ళాను. అక్క లేకుండా కూడా నాకు చేతనవునని చూసుకోవాలని ఉంది కాబోలు.

ఐసియు బయట వరండాలో ఒకాయన గోడకానుకుని కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు, ఒళ్ళో రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు. పల్నాడు వైపు ఊరట. కౌలుకి మిరప వేస్తాడు. కొడుక్కి తొమ్మిదేళ్ళు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నేను తెలుసుకున్నది ఇంతే. ఆ తర్వాత మాట్లాడిందంతా నేనే.

మా విచారణలో ఒక పాపకి ఇలాగే వస్తే నవదిన జపాలు చేశామని, ప్లేట్‌లెట్లు పెరిగి పాప ఇంటికొచ్చిందని చెప్పాను. జరిగినదే, అబద్ధం కాదు. టీచర్ని కదా, కథ చెప్పడం వచ్చు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. ఆయన కళ్ళార్పకుండా విన్నాడు. విని, "మీ గుడికొస్తే మావాడు బతుకుతాడామ్మా?" అని అడిగాడు.

నాకు తెలీదు అనాల్సింది. "నమ్మండి. తప్పకుండా బతుకుతాడు. నమ్మినవాళ్ళని దేవుడు విడిచిపెట్టడు," అన్నాను. చెయ్యెత్తి పైకి ప్రార్థన చేశాను. పక్కవాళ్ళు ఇటు తిరిగి చూశారు. వాళ్ళు చూడడం నాకు బాగుంది. ఆ రోజు ఇంటికి చాలా తృప్తిగా వెళ్ళాను.

మరుసటి గురువారానికి వరండాలో వేరేవాళ్ళున్నారు. ఆ పిల్లాడు శనివారమే పోయాడని ఊడ్చే ఆవిడ చెప్పింది. పదిహేను రోజుల తర్వాత ఏదో కాగితం కోసం వచ్చి, కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉన్నాడాయన. నన్ను గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నమ్మానమ్మా. మీరు చెప్పినట్టే నమ్మాను. నా నమ్మకం చాల్లేదేమో," అన్నాడు.

వరస కదిలింది. ఆయన ముందుకెళ్ళిపోయాడు.

కొడుకు పోయిన మనిషి నెత్తిన, ఆ చావుకి కారణం నీ నమ్మకం తక్కువవడమే అనే మాట కూడా పెట్టాను నేను. అలా అనలేదు నిజమే. కానీ నేనన్న దానికి అర్థం అదే కదా. నమ్మితే బతుకుతాడు అంటే, బతకకపోతే నమ్మలేదనేగా.

ఆ వారం సమావేశంలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. కార్యదర్శి మాత్రం పుస్తకంలో రాసుకుంటూ, "బాబు పేరేంటండీ? జపమాలలో తలుచుకుందాం," అంది.

నాకు తెలీదు. ఇరవై నిమిషాలు మాట్లాడాను. పేరు అడగలేదు.

తిరిగొచ్చేప్పుడు దారిలో అక్క ఒక్క మాటే అంది. "దేవుడి తరఫున నువ్వు మాటిచ్చేశావమ్మాయ్. ఆయన ఇమ్మనలేదు."

శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్ గారు యోబు గ్రంథం రెండో అధ్యాయం చివరిదాకా చదవమన్నారు. చిన్నప్పట్నుంచీ తెలిసిన కథే. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒంటినిండా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబుని చూడడానికి ముగ్గురు స్నేహితులొస్తారు. ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ పక్కనే నేల మీద కూర్చుంటారు. అతని బాధ చూసి ఒక్కరూ నోరు మెదపరు. వాళ్ళు చేసిన మంచిపని అదే. తర్వాత నోరు విప్పి, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, నీలోనే ఏదో తప్పుందని చెప్పడం మొదలుపెట్టారు. చివర్లో దేవుడికి కోపమొచ్చింది వాళ్ళ మీదే. ఆ ముగ్గురిలో ఒకరి పక్కన నా పేరు రాసుకోవచ్చనిపించింది.

మానేస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "మానేస్తే నీకు హాయి. వాళ్ళకేం లాభం? రా, నోరుమూసుకుని నా పక్కన కూర్చో," అంది. కూర్చున్నాను. అలా నాలుగైదు నెలలు.

అక్క ఏం చేస్తుందో అప్పుడు చూశాను. ముందు వార్డు సిస్టరుని అడుగుతుంది, ఇవాళ వెళ్ళొచ్చా అని. మంచం మీద కూర్చోదు. స్టూలు లాక్కుంటుంది, లేకపోతే నిలబడుతుంది. పడుకున్న మనిషి ఎవరైనా, ఎంత చినిగిన దుప్పటి కప్పుకున్నా "మీరు" అంటుంది. ఊరూ పేరూ అడుగుతుంది. తోడెవరొచ్చారు, ఇంటి దగ్గర గొడ్లని ఎవరు చూస్తున్నారు అంటుంది. వాళ్ళు చెబుతుంటే "నాకూ ఇలాగే అయ్యింది" అని మధ్యలో అందుకోదు. ఏడిస్తే "ఏడవకండి" అనదు. ఏమీ మాట్లాడకపోతే తనూ మాట్లాడకుండా కూర్చుంటుంది. ఆ మౌనం నాకు మొదట్లో ప్రాణం పోతున్నట్టుండేది. మంచానికి కట్టిన చీటీ చదివేదాన్ని, ఫ్యాను వైపు చూసేదాన్ని. కొన్నాళ్ళకి అలవాటైంది.

లేచేముందు ఒక మాట అంటుంది. "నేను రోజూ జపం చేసుకునేదాన్నండి. మరియమ్మ తల్లిని అడుగుతాను. మీకోసం ఏమని ప్రార్థించమంటారు?"

వద్దంటే, "మంచిదండి, వస్తాను," అని దండం పెట్టి కదులుతుంది. మళ్ళీ వారం కూడా ఆ మంచం దగ్గరికి వెళ్ళి అదే మర్యాదతో పలకరిస్తుంది.

ఈ ప్రశ్నకి వచ్చే జవాబులు నేనెన్నడూ ఊహించినవి కావు. షుగరుతో కాలు తీసేసిన ఒకాయన, కాలు గురించి ఏమీ అడగలేదు. చూడి గేదె సుఖంగా ఈనాలని అడగమన్నాడు. ఒకావిడ గొలుసు తాకట్టుపెట్టిన సంగతి కోడలికి తెలియకుండా ఉండాలంది. ఒక పెద్దాయన రంజాను నెలకల్లా ఉపవాసం ఉండే ఓపిక రావాలన్నాడు. అక్క అలాగేనంది. వెంటనే ఆయన రెండు చేతులూ పైకి పట్టి మా ఇద్దరి కోసం దువా చేశాడు. మేము తలొంచుకుని నిలబడ్డాం. ఒక కుర్రాడు, "ప్రార్థన అక్కర్లేదు గానీ మీ దగ్గర ఫోన్ ఛార్జరుందా?" అన్నాడు. నా దగ్గర ఉంది, ఇచ్చాను. ఛార్జరు అరువివ్వడం వస్తుసహాయం కిందికి వస్తుందా రాదా అని ఆ వారం సమావేశంలో పది నిమిషాలు చర్చ నడిచింది.

కాలు పోయిన మనిషికి ఏం కావాలో మనకి తెలుసనుకుంటాం. యెరికో దారిలో గుడ్డి బర్తిమయి కేకలు వేస్తుంటే, క్రీస్తు అతన్ని పిలిపించి, నీకేం చేయమంటావని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకి తెలియదా? తెలిసినా అడిగాడు. అతని నోటితో అతన్నే చెప్పుకోనిచ్చాడు. ఎమ్మావు దారిలోనూ అంతే. యెరూషలేము నుంచి ఏడు మైళ్ళు నడిచి వెళ్తున్న ఇద్దరి పక్కన చేరి, మీరు దేని గురించి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వాళ్ళు చెప్పేది ఆయన చావు గురించే. మాకు ఆశ ఉండేది, పోయింది అన్నట్టు వాళ్ళు చెబుతుంటే చివరిదాకా విన్నాడు. లేఖనాలు వివరించడం ఆ తర్వాతే.

2013లో పోపు ఫ్రాన్సిస్ గారు రాసిన ‘ఎవాంజెలీ గౌదియుమ్’లో ఈ సంగతి ఉంది. ఎదుటి మనిషితో సువార్త పంచుకోవడంలో మొదటి మెట్టు సంభాషణ అంటారాయన. ముందు వాళ్ళు తమ సంతోషాలూ ఆశలూ బెంగలూ చెప్పుకోవాలి. వాక్యం చెప్పడం ఆ తర్వాత. సందర్భం కుదిరితే, వాళ్ళు చెప్పుకున్న బెంగ గురించే ఒక చిన్న ప్రార్థనతో ముగిస్తే మంచిదంటారు. చదివి వినిపిస్తే అక్క, "పోపు గారు కూడా మన లీజియన్లో చేరారేంటి?" అని నవ్వింది.

ఇది సువార్తేనా అని అడిగేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా మరిది పెంతెకొస్తు సంఘానికి వెళ్తాడు. "వదినా, మీ ఆర్‌సిఎం వాళ్ళు యేసుప్రభువు పేరెత్తడానికే మొహమాటపడతారు. మనిషి పోతుంటే గేదె గురించి ప్రార్థనేంటి?" అంటాడు. పక్క వాటాలో ఉండే ఆవిడది ఇంకో మాట. "ఏమనుకోకండి టీచరుగారూ, జబ్బుమనుషుల దగ్గరికి మీవాళ్ళు వెళ్ళేది మతం మార్చడానికేగా?" అంటుంది. ఒకరికి నేను తక్కువ చేస్తున్నాను, ఇంకొకరికి ఎక్కువ చేస్తున్నాను.

పక్కింటావిడ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆ వరండాలో నేను చేసింది చూసి ఉంటే ఆవిడకి ఇంకేం రుజువు కావాలి? రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ అనే గురువు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద వాదనలున్నాయి, ఉండనీండి. కోర్టు కంటే ముందే, 1965లో, రెండో వాటికన్ మహాసభ మత స్వేచ్ఛ గురించి చేసిన ప్రకటనలో మా సభే మాకు హద్దు గీసింది. విశ్వాసం పంచుకునేటప్పుడు బలవంతంగానీ, గౌరవం కాని ఒప్పింపుగానీ ఉండకూడదు. బీదవాళ్ళ దగ్గర, చదువులేనివాళ్ళ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. కొడుకు ఐసియులో ఉన్న కౌలురైతుని తలుచుకుంటూ ఆ వాక్యం చదివాను. అక్క పండ్లు ఎందుకు వద్దందో అప్పుడు తెలిసింది. పండ్లే కాదు, ఆశ కూడా లంచం కావచ్చు.

మా మరిదికి చెప్పే జవాబు అంత తేలిగ్గా దొరకలేదు. క్రీస్తుని వాళ్ళంతా తెలుసుకోవాలని నాకు లేదా అంటే, ఉంది. ఆ కోరిక లేదంటే అబద్ధం. నా మెడలో సిలువ ఉంది, దాన్ని కొంగుతో కప్పుకోను. "మీరే మిషనమ్మా? ఆర్‌సియమ్మా, లూథరనా?" అని అడిగేవాళ్ళకి చెబుతాను. మీకెందుకింత పని అని అడిగితే, ఆయన నాకేం చేశాడో అదీ చెబుతాను. అడగనివాళ్ళకి, విన్నంతసేపూ నేను వింటున్నది ఆయన కోసమేనని నాకు తెలుసు, చాలు. వాళ్ళు చెప్పిన గేదెనీ గొలుసునీ ఇంటికి తీసుకెళ్ళి, రాత్రి జపమాలలో ఒక్కో పూస దగ్గర పెడతాను. మంగళవార్త జపం చిన్నప్పట్నుంచీ గబగబా చెప్పే అలవాటు నాది. ఇప్పుడు గేదె దగ్గర ఆగాల్సి వస్తోంది.

తర్వాతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళ్ళాను. ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు 1924లో ఆ కొండ మీద మాత స్వరూపాన్ని పెట్టించారు. 9, 10, 11 తారీకుల్లో విజయవాడలో ఆ వైపంతా జనమే. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, కొవ్వొత్తులు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళు. అందులో క్రైస్తవులెంతమందో కానివాళ్ళెంతమందో ఎవరూ అడగరు. ఫిబ్రవరి 11 అంటే, 1858లో ఫ్రాన్సులోని లూర్దులో పధ్నాలుగేళ్ళ బెర్నదెత్‌కి మాత మొదటిసారి కనిపించిన రోజు. దివాళా తీసిన మిల్లువాడి కూతురు, చదువు రాదు, ఉబ్బసం. ఊళ్ళో ఎవరు లెక్కచేస్తారు? మాత మాత్రం ఆ ఊరి యాసలో తనతో "మీరు" అని మర్యాదగా మాట్లాడిందని ఆ పిల్ల తర్వాత చెప్పింది. 1993 నుంచి మా సభ ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది.

కొండెక్కి, గుహ ముందు కొవ్వొత్తి వెలిగించి, దిగేప్పుడు ఆయాసమొచ్చి మెట్ల పక్కన కూర్చున్నాను. పక్కనే ఒకావిడ, ఒళ్ళో గుండు చేయించిన పిల్లాడు. గుండుకి పసుపు రాసి ఉంది. నుదుట బొట్టు, చేతినిండా గాజులు. వాడికి పుట్టగానే జబ్బు చేస్తే మొక్కుకున్నారట. తీర్చుకోడానికి వచ్చారు. ప్రసాదం కొబ్బరిముక్క నా చేతిలో పెట్టి, "మీరెవరి కోసం మొక్కుకున్నారండీ?" అంది.

అన్నాళ్ళుగా నేను అందరినీ అడుగుతున్నాను గానీ, నన్నెవరూ అడగలేదు. చెప్పేశాను. వరండా, కవరు, నేనిచ్చిన మాట, కౌంటరు దగ్గర ఆయనన్న మాట, అన్నీ. ఆవిడ అడ్డురాలేదు. "మీ తప్పేం లేదులెండి" అని కూడా అనలేదు. పిల్లాడి గుండు నిమురుతూ విన్నది.

"పేరు తెలీదండీ. ఆ అబ్బాయి అనే చెప్పుకుంటున్నాను," అన్నాను.

కాసేపూరుకుని, "అమ్మకి తెలుసుగా," అంది. అని, కొండ పైకి తిరిగి దండం పెట్టింది. ఆ దండం నాకోసమో, ఆ అబ్బాయి కోసమో అడగలేదు.

వాళ్ళాయన కిందనుంచి కేకేస్తే లేచింది. పిల్లాణ్ణి చంకనేసుకుంటుంటే అప్పుడడిగాను, "బాబు పేరేంటమ్మా?"

చెప్పింది. ఆ రాత్రి జపమాలలో ఆ పేరు కూడా ఉంది, పేరు తెలియని అబ్బాయి పక్కన.